విజ్ఞాన గ్రంథాన్ని ఎంచుకోవడం

కథల పుస్తకాలు మనకు ఆనందాన్నిస్తాయి. గ్రహాలు, పక్షులు, నదులు, మహనీయుల జీవితాలు మొదలైన వాటి గురించి నిజమైన సంగతులు తెలిపే పుస్తకాలను విజ్ఞాన గ్రంథాలు అంటారు. వీటిని ఎంచుకోవడానికి కొంత మెలకువ కావాలి.

హోసూరులోని ఒక తెలుగు పాఠశాలలో అయిదవ తరగతి బాలిక ఒకతె ఉన్నదనుకొందాం. మరునాడు ప్రార్థన సమావేశంలో ఆమె సౌరకుటుంబాన్ని గురించి మాట్లాడాలి. బీరువాలో తెలుగు పుస్తకాలు కొన్నే ఉన్నాయి. అట్టమీది రంగుల బొమ్మ చూసి ఒక పుస్తకం తీసుకొన్నది. అందులో ఉన్నట్లే "గ్రహాలు తొమ్మిది" అని వల్లెవేసి, పంతులుగారికి వినిపించింది.

"ఈ పుస్తకం ఎప్పుడు అచ్చయిందో చూశావా, అమ్మా?" అని ఆయన అడిగారు.

బాలిక మొదటి పుటలు తిప్పి చూసింది. "1994లో సార్."

"2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా నిర్ణయించింది. అప్పటినుండి గ్రహాలు ఎనిమిదే."

బాలిక ముఖం చిన్నబోయింది. "అయితే ఈ పుస్తకం పనికిరాదా సార్?"

"ఎందుకు పనికిరాదు? చంద్రుని కళలు ఎలా ఏర్పడతాయో ఇందులో చక్కగా ఉంది. అది మారలేదు. గ్రహాల, ఉపగ్రహాల లెక్కలు మాత్రం కొత్త పుస్తకంలో సరిచూసుకో."

"కొత్తది తమిళంలోనే ఉంది సార్."

"ఉండనీ. తమిళంలో చదివి తెలుసుకో. తెలుగులో చెప్పు. రెండు భాషలు వచ్చిన నీకు రెండు బీరువాలు ఉన్నట్లే."

మరునాడు ఆ బాలిక గ్రహాలు ఎనిమిదని చెప్పడమే కాక, పాత పుస్తకాల్లో తొమ్మిదని ఎందుకు ఉంటుందో కూడా వివరించింది.

మీరు పుస్తకం తీసుకొనే ముందు ఈ సంగతులు గమనించండి.

1. మీరు తెలుసుకోదలచినదేమిటో ఒక ప్రశ్నగా రాసుకోండి. దానికి జవాబు దొరికేటట్లుందో లేదో విషయసూచికలో చూడండి.

2. అచ్చయిన సంవత్సరం చూడండి. తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. అంతకు ముందటి పటాల్లో అది వేరే రాష్ట్రంగా కనిపించదు.

3. ఒక పుట చదవండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవండి. అయిదు వేళ్లూ ముడిచారా? ఆ పుస్తకాన్ని పెద్దల సాయంతో చదవండి, లేదా తేలికైనది వెదకండి.

4. బొమ్మల కింద వివరాలు ఉన్నాయో లేవో చూడండి.

5. ముఖ్యమైన సంగతిని మరొక పుస్తకంలో సరిచూసుకోండి.

అభ్యాసం

1. బాలిక మొదట చేసిన పొరపాటు ఏమిటి?
2. "రెండు బీరువాలు ఉన్నట్లే" అని పంతులుగారు ఎందుకు అన్నారు?
3. మీ పాఠశాలలోని ఒక తెలుగు విజ్ఞాన గ్రంథాన్ని, అదే విషయంపై మీ రాష్ట్ర భాషలో ఉన్న మరొక పుస్తకాన్ని పోల్చి, తేడాలు రాయండి.