ఆ రాత నాది, మెమో ఆయనది

నేను తిరువూరు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. 2018 డీఎస్సీ బ్యాచ్. మా బడికి నేనూ, మాస్టారూ ఇద్దరమే. చేరిన రోజున ఆయన హాజరుపట్టీతో పాటు పెన్సిల్ ఇచ్చారు. "ముందు దీంతో చుక్క పెట్టమ్మా. ఇక్కడ తల్లులు మామిడి తోటల్లో కూలికి పోతారు. చంటివాణ్ణి ఎవరికో అప్పగించిగాని పిల్ల బడికి రాలేదు. పదిన్నర దాటాక సిరాతో దిద్దు" అన్నారు.

రెండో నెలలో మధ్యాహ్న భోజనం రిజిస్టర్లో తప్పు రాశాను. హాజరు 41 అయితే, తిన్నవాళ్లు 46 అని వేశాను. ఆ రోజే తనిఖీ. "ఈ ఐదు గుడ్లూ ఎవరు తిన్నారు?" అని అధికారి గట్టిగా అడిగితే నాకు నోరు పెగల్లేదు. మాస్టారు లేచి, "నేనే రాశాను సార్" అన్నారు. మెమో ఆయనకొచ్చింది. సాయంత్రం నేను ఏడుస్తుంటే, "నువ్వింకా ప్రొబేషన్లో ఉన్నావమ్మా. రిటైరయ్యేవాణ్ణి, నాకేమవుతుంది" అన్నారు.

పోయిన నెలలో గుండెపోటుతో ఆయన పోయారు. సంస్మరణ సభలో ఒకరు, "ఇంత సర్వీసులో ఒక్కటే మెమో, అదీ గుడ్ల లెక్క దగ్గర" అని జాలిపడ్డారు. ముందు వరసలో మాస్టారి భార్య తల దించుకున్నారు. ఆ తర్వాత మైకు నా చేతికే వచ్చింది. మంచివారు అని నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాను. అప్పట్నుంచీ నిద్ర లేదు. ఇప్పుడు చెప్తే ఆవిడ నన్ను ఏమనుకుంటారు?
- ఒక టీచర్, తిరువూరు

అమ్మా,

ఏమనుకున్నా సరే, చెప్పాలి. ఆవిడ తల దించుకున్నది ఏ సంగతికో, భర్త గురించి ఆవిడ అందరికన్నా గర్వంగా చెప్పుకోవాల్సింది కూడా ఆ సంగతే. అది తెలిసిన మనిషి ఇప్పుడు మీరొక్కరే. మీరు దాచుకుంటే ఆయన మంచితనం ఆ ఇంట్లో మచ్చగానే మిగిలిపోతుంది.

మీ ఉత్తరం చదువుతుంటే సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి గారు గుర్తొచ్చారు. 1966 డిసెంబరులో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం బాలసుబ్రహ్మణ్యం గారి చేత తొలి పాట పాడించి ఊరుకోలేదు. ఆ టేపు చెరపకుండా ఉంచమని, మిగతా సంగీత దర్శకులకు వినిపిస్తే ఈ కుర్రాడికి పాటలొస్తాయని సౌండ్ ఇంజనీరును అడిగారు. ఈ మాట బాలుగారే చెప్పేవారు. కోదండపాణి గారు 1974లో పోయారు. తర్వాత బాలుగారు చెన్నైలో కట్టిన రికార్డింగ్ స్టూడియోకూ, సినిమాలు తీసిన సంస్థకూ ఆయన పేరే పెట్టారు. 'నాకెవరో మంచివారు సాయం చేశారు' అని వదిలేయలేదు. ఎవరు, ఏం చేశారో పేరుతో సహా చెప్పారు. సభలో మీరు వదిలేసింది సరిగ్గా అదే.

వెళ్లినప్పుడు ఒక్క జాగ్రత్త. ముందే కాళ్ల మీద పడి ఏడవొద్దు. భర్త పోయిన మనిషి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. 41, 46, ఐదు గుడ్లు, "నేనే రాశాను సార్" - జరిగింది జరిగినట్టు చెప్పండి. ఆ పెన్సిల్ సంగతి కూడా చెప్పండి. తర్వాత ఆవిడ కోప్పడితే పడండి. ఆ కోపం న్యాయమైందే. ఇదంతా మీ చేతిరాతతో కాగితం మీద పెట్టి, సంతకం చేసి ఇచ్చి రండి. ఆ ఇంట్లో దాచుకుంటారు.

అధికారుల ముందు ఒప్పుకోవాలా అని కూడా మీకు అనిపిస్తుండవచ్చు. అది ఆవిడను అడిగి నిర్ణయించుకోండి. పరువు ఆ కుటుంబానిది కాబట్టి మొదటి మాట వాళ్లదే. ఆవిడ ఊళ్లో అందరికీ తెలియాలంటే, ఆ రోజు సభకు వచ్చిన తోటి టీచర్లందరి ముందూ చెప్పడానికి సిద్ధపడండి.

ఈ ఆదివారమే వెళ్లండి. ఒంటరిగా వెళ్లలేకపోతే ఇంట్లోవాళ్లను తోడు తీసుకెళ్లండి. చెప్పడం మాత్రం మీరే చెప్పండి.