ఆవుకి మందు, రాబందుకి విషం

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద తల ఎత్తితే విమానాలు, గద్దలు కనిపిస్తాయి. రాబందుని మాత్రం నేను ఒక్కసారి కూడా చూడలేదు. మా తాత చిన్నప్పుడు గుంపులుగా దిగేవట. మరి ఏమైపోయాయి?

ముఖ్య కారణం డైక్లోఫెనాక్, అంటే పశువులకి ఇచ్చిన నొప్పుల మందు. ఒంట్లోకి వచ్చిన బయటి మందుకి లివర్ ఒక ఆక్సిజన్ తగిలిస్తుంది. అప్పుడది నీళ్లలో తేలిగ్గా కరిగి మూత్రంలో, పిత్తంలో బయటికి పోతుంది. మాస్ స్పెక్ట్రోమెట్రీ ఈ మార్పుని తూకం వేసి పట్టుకుంటుంది. డైక్లోఫెనాక్ అణుభారం 296. ఆక్సిజన్ చేరితే 16 పెరిగి 312. శాంపిల్‌లో 296 తగ్గుతూ 312 కనిపిస్తోందంటే, జంతువు మందుని వదిలించుకుంటోందన్నమాట.

రాబందు ఒంట్లో ఈ పని చాలా నెమ్మది. మందు తీసుకున్నాక చచ్చిన పశువుని తింటే దాని కిడ్నీలు పాడై, లోపలి అవయవాల మీద యూరిక్ యాసిడ్ తెల్లగా పేరుకుంటుంది. 2004లో వచ్చిన పాకిస్తాన్ పరిశోధనలో, అలా చనిపోయిన రాబందుల కిడ్నీల్లో డైక్లోఫెనాక్ దొరికింది. 2006లో ఇండియా పశువులకి ఈ మందుని నిషేధించింది. బదులుగా మెలాక్సికామ్ వాడమన్నారు. దాన్ని రాబందు త్వరగా వదిలించుకుంటుంది. మన నెహ్రూ జూ పార్కులో ఇప్పుడు రాబందుల్ని పెంచుతున్నారు కూడా.

ఒక మెషీన్‌లో చక్కగా రన్ అయిన కోడ్ ఇంకోదాంట్లో క్రాష్ అవుతుందని మనకి తెలుసు. మందు కూడా అంతే. కాకపోతే ఇక్కడ రీస్టార్ట్ బటన్ లేదు.