యౌవన పాఠము: ఫోనులో మాట మర్యాద

(12 నుండి 14 ఏండ్ల పిల్లలకు)



వర్లి బి.డి.డి. చాళ్లలో ఒక్కొక్క గది సుమారు 160 చదరపు అడుగులు. పిల్లల మాటతీరును దిద్దినది ఆ గదికంటె దాని ముందున్న వరండాయే. పెద్దవారిని ఏకవచనముతో పిలిచిన పిల్లవానిని ప్రక్క గది పెద్దమ్మ అక్కడే ఆపి సరిదిద్దేది. 2025 ఆగస్టులో వర్లిలో 556 కుటుంబములకు కొత్త భవనములలో ఇండ్ల తాళములు అందాయి. ఇల్లు పెద్దదయింది, తలుపు మూసుకున్నది. పిల్లల మాటలు చాలావరకు ఫోనులోనికి వెళ్లాయి. అక్కడ వినే పెద్దమ్మ లేదు. కాబట్టి ఆమె పని మనమే చేయవలెను.

1. వరుస మరువరాదు. మన పిల్లలలో అనేకులు ఇంట్లో తెలుగు మాట్లాడినా, ఇంగ్లీషు అక్షరములలోనే టైపు చేస్తారు. ఆ తొందరలో "అత్తయ్యా", "బాబాయ్" అనే పిలుపులు రాలిపోయి "సరే", "రాను" అనే ముక్కలు మిగులుతాయి. ఎదుట నిలిచి చెప్పినప్పుడు నవ్వుముఖము ఆ లోటును పూడ్చుతుంది. ఫోనులో ముఖము కనబడదు. వరుసతో పిలిచి, పూర్తి వాక్యముతో జవాబు వ్రాయుట నేర్పండి. పాలమూరులోని నాయనమ్మకు చదువు రాకపోతే, గొంతు రికార్డు చేసి పంపించండి.

2. నలుగురిలో ఒకరిని నవ్వులపాలు చేయరాదు. తోటివాని ఫోటో అతని అనుమతి లేకుండా గ్రూపులో పెట్టుట, అతని మాట తీరును వెక్కిరించుట ఆట కాదు. తరువాత చెరిపివేసినా, చూచినవారి ఫోనులో అది నిలిచే ఉండవచ్చును. తగవు ఉంటే గ్రూపులో కాక, అతనితోనే మాట్లాడవలెను.

3. తెలియనిది పంపరాదు. 2018 జూలై 1న మన మహారాష్ట్రలోనే, ధూలే జిల్లా రైన్‌పాడాలో, పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠా వచ్చిందని వాట్సాప్‌లో తిరిగిన పుకారు నమ్మి, జనము ఐదుగురు నిరపరాధులను కొట్టి చంపారు. వారు భిక్షాటనతో బ్రతికే సంచార జాతివారు, ఆ ఊరికి కొత్తవారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశములో ఒక సందేశమును ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండ కట్టడి ప్రకటించింది. కట్టడపు పనులకు తెలుగునేల నుండి వచ్చిన కామాటీల పేరు మీదనే కామాటిపుర వెలిసింది. కొత్త ఊరిలో భాష రానివాని మీద అనుమానము ఎంత త్వరగా పడుతుందో మన పెద్దలు ఎరుగుదురు. ఆ సంగతి పిల్లలకు చెప్పండి.

తరగతిలో చేయవలసినది: ప్రతి విద్యార్థి ఈ వారము తాను పంపిన ఒక సందేశమును, తానే ఎంచుకొని, మనసులో చదువుకొనవలెను. తరువాత ఈ ప్రశ్న వేయండి: "దీనిని చాల్ వరండాలో నిలబడి, అందరూ వినగా గట్టిగా చదువగలవా?" చదువలేనిదైతే ఎలా మార్చాలో వారే చెప్పవలెను.

తలిదండ్రులకు ఒక మాట. పిల్లల ఫోనును దొంగచాటుగా చదువుటవలన మర్యాద రాదు. ఎవరైనా బెదిరించినా, ఫోటోలు అడిగినా, వారు భయపడక మన యొద్దకు రాగలగాలి. అటువంటప్పుడు 1098కి ఫోను చేసి సహాయము అడగవచ్చును. అన్నిటికంటె ముందు, మనము పంపే సందేశములను వారు చూస్తున్నారని జ్ఞాపకముంచుకొందము.