అనంతగిరి గాలి, ఇంట్లో ఓమ: ఏది హాయి, ఏది మందు?



ఈ మధ్య ఏడో తరగతిలో మొక్కల పాఠం చెబుతుంటే ఒక బాబు లేచి, "టీచర్, అనంతగిరి గాలికి టీబీ తగ్గుతదట, మా తాత చెప్పిండు" అన్నాడు. వికారాబాద్, తాండూరు వైపు ఈ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది.

తాతగారి మాటకు ఒక కారణం ఉంది. అనంతగిరి గుట్టల మీది టీబీ ఆసుపత్రి నిజాం కాలం నాటిది. అప్పట్లో టీబీకి సరైన మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి ఇవే చికిత్స. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నారు. తర్వాత మద్రాసులో జరిగిన పరిశోధన, మందులు సరిగ్గా వాడితే ఇంట్లో ఉన్నా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని 1959లో తేల్చింది. అంటే గాలి హాయినిచ్చింది, రోగాన్ని తగ్గించింది మందులు.

ఇంట్లో వాడే సువాసన మొక్కల విషయంలోనూ ఈ తేడా గుర్తుంచుకోవాలి.

వాసన ఎక్కడిది?

తులసి ఆకు నలిపితే అందులోని సన్నని నూనె గ్రంథులు చిట్లి వాసన వస్తుంది. ఓమ (వాము)లోని థైమాల్‌కు క్రిములను చంపే గుణం ఉంది. అందుకే దాన్ని మౌత్‌వాష్‌లలో కూడా వాడతారు. బామ్‌లోని మెంథాల్ ముక్కులో చల్లదనాన్ని గుర్తించే నరాలను తట్టి లేపుతుంది. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది కానీ, లోపలి వాపు అలాగే ఉంటుంది.

పిల్లల దగ్గర జాగ్రత్త

• హారతి కర్పూరం, నీలగిరి తైలం కొద్దిగా మింగినా చిన్న పిల్లలకు ఫిట్స్ రావచ్చు. అందకుండా పెట్టండి.
• రెండేళ్ల లోపు పిల్లలకు కర్పూరం ఉన్న బామ్ రాయకండి.
• 2021లో ఓమ, కర్పూరం మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని వాట్సాప్‌లో తిరిగింది. అది నిజం కాదు.
• మరిగే నీళ్ల గిన్నెతో ఆవిరి పట్టేటప్పుడు పిల్లలకు ఒళ్లు కాలే ప్రమాదం ఉంది.

సున్నిపిండి సంగతి

పెసరపిండి, కస్తూరి పసుపు, వట్టివేరు, గంధ కచ్చూరాలతో చేసే నలుగు మన పెద్దల మంచి అలవాటు. బావంచాలు కలిపితే మాత్రం జాగ్రత్త. వాటిలోని సోరాలెన్ వల్ల ఎండ తగిలిన చోట చర్మం కమిలిపోవచ్చు. కొత్త పొడి ఏదైనా ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి, ఒక రోజు ఆగి చూడండి.

చివరగా ఒక్క మాట

తాండూరులో నాపరాయి పాలిషింగ్ దుమ్ముకు దగ్గు మామూలే అనుకుంటాం. తులసి కషాయం గొంతుకు హాయినిస్తుంది, తాగించండి. కానీ దగ్గు రెండు వారాలు దాటితే కషాయంతో ఆగకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ పరీక్ష, మందులు రెండూ ఉచితం. బడికి సెలవు పడుతుందని వాయిదా వేయకండి. పాఠాలు మేము మళ్లీ చెబుతాం.

ఈ ఆదివారం పిల్లల కళ్లు మూసి పుదీనా, తులసి, మరువం, ఓమ వాసన చూపించండి. ఎన్ని గుర్తుపట్టారో సైన్స్ నోట్‌బుక్‌లో రాయించి పంపండి.