సర్కారు తుమ్మ తీసిన చోట మన చెట్టు నిలవాలంటే...



ఆవు లేనిదే ప్రకృతి వ్యవసాయం లేదంటాం. మరి ఆ ఆవు మేసేది ఎక్కడ? ఊరి బీడు, చెరువు గట్టు, వాగు ఒడ్డు. ఇవాళ చాలా ఊళ్ళలో ఇవన్నీ సర్కారు తుమ్మ కిందికి పోయాయి. మేత లేకపోతే పశువులను అమ్ముకోవడమే. ఇక జీవామృతానికి పేడ ఎక్కడిది? అందుకే ఈ పాఠంలో ఊరంతా కలిసి ఆ కంపను తీసి, అక్కడ మన చెట్లూ పొదలూ నిలబెట్టే పద్ధతి చూద్దాం.

ఏది మన తుమ్మ, ఏది కాదు?

సర్కారు తుమ్మ అమెరికా ఖండపు చెట్టు. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలతో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో దీన్ని నాటారు. వంటచెరకు కోసం తెచ్చిన చెట్టు, ఊళ్ళు దాటుకుంటూ పాకిపోయింది.

నల్ల తుమ్మ, తెల్ల తుమ్మ, జమ్మి మనవే. వాటి మీద గొడ్డలి పడకూడదు. నల్ల తుమ్మకు గుండ్రటి పసుపు పూలు, పూసల దండ లాంటి కాయలు. తెల్ల తుమ్మ బెరడు తెల్లగా ఉంటుంది. సర్కారు తుమ్మకు పొడవాటి కంకిలాంటి పూలు, కణుపు దగ్గర జంట ముళ్ళు. జమ్మికీ కంకి పూలే, కానీ దాని ముళ్ళు చిన్నవి, కణుపుల మధ్య అక్కడక్కడా ఉంటాయి.

నరికినా ఎందుకు పోదు?

మొదలు దగ్గర, మట్టి కింద దాని మొగ్గలు నిద్రపోతుంటాయి. పైన నరికితే అవన్నీ లేస్తాయి. ఒక్క మాను పోయి గుబురు పొద తయారవుతుంది.

రెండోది విత్తనం. పశువులు దీని ఆకు పెద్దగా ముట్టవు, తియ్యటి కాయలు మాత్రం ఇష్టంగా తింటాయి. గట్టి విత్తనం అరగకుండా పేడలో బయటికొచ్చి మొలుస్తుంది. అంటే మనం తోలుకునే పశువుల ఎరువుతోనే తుమ్మ చేలోకి వస్తుంది. కాయలు మేపాలనుకుంటే విత్తనం నలిగేలా పిండి పట్టించి పెట్టండి.

పని వరుస

1. ముందు గ్రామసభ. ఆ నేల పంచాయతీదా, రెవెన్యూదా, అటవీ శాఖదా తేల్చుకుని అనుమతి తీసుకోండి. ఆ కంపతోనే పొయ్యి వెలిగించేవాళ్ళు, బొగ్గు కాల్చి బతికేవాళ్ళు ఆ సభలో ఉండాలి. కలప మీద, కూలి మీద మొదటి హక్కు వాళ్ళకిస్తే పని నిలబడుతుంది. లేదంటే మనం నాటిన మొక్కే రేపు పొయ్యిలోకి పోతుంది.

2. ఒక్కసారే అంతా తీయొద్దు. ఏటా మనం కాపాడుకోగలిగినంత ముక్కే తీయాలి. జేసీబీతో మొత్తం పెకలిస్తే పైమట్టి మొదటి వానకే కొట్టుకుపోతుంది. గట్టు వాలులో మరీ జాగ్రత్త.

3. ఎండాకాలంలో పైన కొట్టేసి, తొలకరికి నేల మెత్తబడగానే గడ్డపారతో మొదలు చుట్టూ తవ్వి, అడుగు లోతున తల్లివేరు తెంచాలి. వీడియోలో ఈ లోతునే గమనించండి.

4. అదే వానకు ఖాళీ నింపాలి. ముందు నాటు గడ్డి విత్తనం చల్లాలి. అంచుల్లో బందారు, తంగేడు వేయండి. పశువులు పెద్దగా ముట్టవు కాబట్టి అవే కంచె. లోపల వేప, రేగు, ఉసిరి, జమ్మి. వాగు ఒడ్డున కానుగ, వావిలి, ఏరుమద్ది. వేప, కానుగ, వావిలి ఆకులు మన కషాయాలకూ పనికొస్తాయి.

5. మట్టిలోని విత్తనం ఏళ్ళ తరబడి మొలుస్తూనే ఉంటుంది. ప్రతి వాన తర్వాత, వేరు దిగకముందే, పిల్ల మొలకలను చేత్తో పీకాలి. కనీసం మూడేళ్ళు ఈ పని ఎవరిదో సభలోనే రాసుకోండి. చాలాచోట్ల దెబ్బతినేది ఇక్కడే.

బన్నీ చెప్పే సంగతి

గుజరాత్‌లోని కచ్ఛ్‌లో బన్నీ అనే పెద్ద గడ్డి మైదానం ఉంది. ఉప్పు నేల ముందుకు రాకుండా 1960లలో అక్కడా ఇదే చెట్టు నాటారు. అది గడ్డిని మింగేసింది. అక్కడివాళ్ళు దాన్ని ‘గాండో బావల్’, అంటే పిచ్చి తుమ్మ అంటారు. బన్నీ గేదెలను మేపుకునే మాల్ధారీలు కొన్నిచోట్ల కలిసికట్టుగా తుమ్మ తీసి, నాటు గడ్డిని మళ్ళీ పెంచుకుంటున్నారు. వాళ్ళకు కావలసింది మేత. కాబట్టి తీసిన నేలను కాపాడుకునే అవసరం వాళ్ళకే ఉంది. మన ఊళ్ళోనూ పశువులున్నవాళ్ళు ముందుండాలి.

గిరిపుష్పం కూడా బయటిదే కదా అని అడుగుతారు. నిజమే. కానీ గట్టు మీద ఏటా కొట్టి పచ్చిరొట్టగా వాడుకుంటే అది మన అదుపులో ఉంటుంది. అదుపు తప్పి మేతను, నాటు మొక్కను తొక్కేసేదే మన సమస్య.

తొలకరి లోపు చేయాల్సింది ఒకటుంది. మీ ఊరి బీట్లో సర్కారు తుమ్మ మధ్య ఇంకా బతికున్న వేప, రేగు, జమ్మి మొక్కలకు సున్నం గుర్తు పెట్టండి. పని మొదలైన రోజు కత్తి వాటిమీద పడదు. వేరు పాతుకున్న ఆ మొక్కకు వెలుతురు తగిలితే, కొత్తగా నాటినదానికన్నా ముందే అందుకుంటుంది.