మెఱుపు దీపము

నంద్యాల జిల్లాలోని నందికొట్కూరు మెట్టసీమ. అచ్చటి రైతు మేఘముల వంక చూచి వాన కొఱకు నిరీక్షించుటయే గాని, వానకు వెఱచుట అరుదు. అట్టి సీమకు వరద భయమేమి యని తోచవచ్చును. కాని యీ యూరికి ఉత్తరమున కృష్ణానది కలదు. శ్రీశైలము జలాశయపు వెనుకనీరు సంగమేశ్వరము వఱకు వ్యాపించి, అచ్చటి దేవాలయమును సంవత్సరములో పెక్కు నెలలు తనలో దాచుకొనును. పడమట కర్నూలు చెంత తుంగభద్ర ప్రవహించుచున్నది.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు నగరముపై బడెను. వీథులు ఏఱులయ్యెను. జనులు మేడలపైకిని మిద్దెలపైకిని ఎక్కి ప్రాణములు దక్కించుకొనిరి. విద్యుత్తు నిలిచిపోయెను. శ్రీశైలము ఆనకట్ట సెకనుకు 19 లక్షల ఘనపుటడుగుల వరదకు నిర్మింపబడినది. ఆ దినములలో జలాశయములోనికి వచ్చిన వరద 25 లక్షలను మించెను.

అట్టి చీకటిలో మిద్దెపై నిలిచినవాడు తన జాడను ఎట్లు తెలుపగలడు? కేక వేసినచో నీటి హోరులో కలసిపోవును. లాంతరు చూపుదమన్నచో ప్రక్క మిద్దెపైనను లాంతరున్నది. ఏది ఆపదను తెలుపుచున్నదో, ఏది ఊరక వెలుగుచున్నదో పడవవానికి తెలియదు. నిలుకడగా వెలుగు దీపమును కన్ను దాటిపోవును. తెగి తెగి మెఱయు దీపము కన్నును పట్టి లాగును. దిగంతమున లేశమాత్రము మెఱుపు మెఱసినను పొలములోని రైతు తల యెత్తి చూచును గదా! స్ట్రోబు లైటు అను చేతి దీపమునకు ఇదియే ఆధారము. దీనిని మెఱుపు దీపమనుట తగును.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930 ప్రాంతమున ఇట్టి క్షణకాంతిని యంత్రశోధనకు వినియోగించెను. వడిగా తిరుగు యంత్రము ఆ కాంతిలో నిలిచియున్నట్లు కనబడును. తరువాతి కాలమున వైమానికులు, నావికులు ఆపదలో వాడుకొనుటకై ఇది చేతి దీపముగా మాఱెను. వియత్నాము యుద్ధమున ఒక చిత్రమైన చిక్కు కలిగెను. తెల్లని మెఱుపు తుపాకి పేలిన మంటవలె కనబడుచుండుటచే, అమెరికా సైనికుల దీపములకు నీలివర్ణపు తొడుగును అమర్చవలసి వచ్చెను.

ఈ దీపము అరచేతిలో ఇముడును. లోపల బ్యాటరీ ఘటములు, కెపాసిటరు, జినాన్ వాయువు నింపిన చిన్న గాజుగొట్టము ఉండును. రెండు ఘటముల నుండి లభించునది మూడు వోల్టులు మాత్రమే. దీపములోని వలయము దానిని కొన్ని వందల వోల్టులకు పెంచి కెపాసిటరులో కూడబెట్టును. కుండ నిండగనే బోర్లించినట్లు, ఆ కూడినదంతయు ఒక్కమాఱుగా గొట్టములోనికి ప్రవహించును. వాయువు భగ్గున వెలిగి, సెకనులో వెయ్యవ వంతు గడువక మునుపే ఆఱిపోవును. మరల నిండుట, మరల మెఱయుట. నిండునప్పటి సన్నని కీచుధ్వని చెవికి వినవచ్చును. క్షణకాలమే వెలుగుటచేత చిన్న ఘటములు సైతము పెక్కు గంటలు మన్నుచున్నవి. నౌకలలో లైఫ్ జాకెట్టుకు తగిలించు దీపము మెఱయునదైనచో, నిమిషమునకు 50కి తగ్గక, 70కి మించక మెఱయవలెననియు, 8 గంటలు పనిచేయవలెననియు అంతర్జాతీయ నియమము.

ఈ లెక్కయే పరీక్షకును ఆధారము. సంధ్యవేళ దీపమును వెలిగించి, దానివంక సూటిగా చూడక, ఎదుటి గోడపై పడు మెఱుపులను గడియారముతో ఒక నిమిషము లెక్కింపవలెను. క్రొత్త ఘటములతో 60 మాఱులు మెఱసినది నేడు 35 మాఱులే మెఱసినచో, కెపాసిటరు నిండుటకు ఎక్కువ కాలము పట్టుచున్నదనియు, ఘటములు క్షీణించినవనియు గ్రహింపవలెను. దీపము వెలిగినది గదా యని తృప్తిపడువారు ఇచ్చటనే మోసపోవుదురు. వెలుగుట వేఱు, తెల్లవాఱువఱకు వెలుగుట వేఱు. ఇటీవల జినానునకు మాఱుగా ఎల్‌.ఇ.డి. దీపములు వచ్చినవి. వానిలో ఘటము క్షీణించినను మెఱుపుల లెక్క తగ్గకపోవచ్చును, కాంతి మాత్రము మందగించును. కనుక వానిని దూరమునుండి చూచి పోల్చుకొనవలెను.

తరువాత మూత విప్పి రబ్బరు వలయమును చూడవలెను. అది బీటలు వాఱినను, దానిపై ఒక్క ఇసుకరేణువున్నను నీరు లోనికి జొచ్చును. మూత బిగించి బకెట్టు నీటిలో ముంచినపుడు బుడగలు వచ్చినచో ఆ దీపము వరదకు పనికిరాదు. ఘటముల కొనలయందు తెల్లని పొడి కనబడినచో వానిని మార్చవలెను. లోపలి వలయమును మాత్రము విప్పరాదు. మీట ఆర్పిన పిదపను కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండి గట్టిగా తాకును. పరీక్షయైనను బహిరంగముగా చేయరాదు. ఆపద లేనిచోట మెఱసిన దీపము, ఆపదయున్నచోటికి పోవలసిన పడవను దారి తప్పించును.

వాడునపుడు దీపమును పిట్టగోడకంటె ఎత్తుగా, చేతివ్రేళ్లు అడ్డుపడకుండ పట్టుకొనవలెను. హెలికాప్టరు దగ్గఱకు వచ్చిన పిమ్మట దానిని ఆర్పవలెను, లేక క్రిందికి త్రిప్పవలెను; ఆ వెలుగు చోదకుని కన్నులను చెదరగొట్టును. పగటివేళ దీనివలన ప్రయోజనము స్వల్పము. అప్పుడు చేతి అద్దముతో ఎండను త్రిప్పుటయో, రంగుగుడ్డను ఊపుటయో మేలు.

పని లేనపుడు ఘటములను విప్పి, దీపముతోపాటు ఒకే సంచిలో నుంచి, పరీక్షించిన తేదిని సంచిపై వ్రాయవలెను. ఆ సంచిని పెట్టె అడుగున దాచినచో వరదనాడు దొరకదు. మిద్దెమెట్ల ప్రక్క గూటిలో, చీకటిలో తడవినను చేతికందు చోట ఉంచవలెను.