పురుగు కనబడాలి, ఫొటో 100 కేబీ దాటకూడదు – వీడియోతో పాఠం

4 ఎంబీ ఉన్న మిరప ఆకు ఫొటోని 100 కేబీ లోపుకి ఎలా తేవాలో పై వీడియోలో చేసి చూపించాను. వీడియో ఆడేంత సిగ్నల్ లేనివాళ్ల కోసం అదే పాఠం ఇక్కడ రాస్తున్నాను. తమ పంట అనుభవాలు నెట్‌లో పెట్టేవాళ్లందరికీ ఇది పనికొస్తుంది.

ఎందుకు కుదించాలి?

ఇప్పటి ఫోన్లలో 12 మెగాపిక్సెళ్ల ఫొటో అంటే వెడల్పు 4000, ఎత్తు 3000 చుక్కలు. బరువు సుమారు 3 నుంచి 5 ఎంబీ. పొలం గట్టు మీద సెకనుకి 1 మెగాబిట్ వేగం వస్తోందనుకుందాం. 8 బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి, 4 ఎంబీ ఫొటో తెరుచుకోవడానికి 32 సెకన్లు పడుతుంది. పది ఫొటోలుంటే ఐదు నిమిషాల పైమాటే. అదే 100 కేబీ ఫొటో సెకను లోపే వచ్చేస్తుంది.

ముడుచుకున్న ఆకు చేతిలో పట్టుకుని, ఇదేం తెగులో అని వెతికే రైతు ఐదు నిమిషాలు ఆగడు. పేజీ మూసేసి పురుగుమందుల కొట్టుకి వెళ్తాడు. మనం ఎంత బాగా నీమాస్త్రం గురించి రాసినా ఆయనకి చేరదు.

అలాగని అడ్డదిడ్డంగా కుదిస్తే ఇంకో నష్టం. మిరపలో ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఫొటోలో ఆ తేడా తెలియకపోతే అది ఎంత తేలిగ్గా ఉన్నా దండగే. అందుకే నేను చెప్పేది ఒక్కటే: ముందు కత్తిరించండి, తర్వాత కుదించండి, క్వాలిటీ చివర్లో తగ్గించండి.

మొదటి పని: కత్తిరింపు

4000 చుక్కల వెడల్పున్న ఫొటోలో తామర పురుగు 40 చుక్కల పొడవుందనుకోండి. ఫొటో మొత్తాన్ని 1000 వెడల్పుకి కుదిస్తే పురుగు 10 చుక్కలకి తగ్గి, మచ్చలాగా మిగులుతుంది. అలా కాకుండా, పురుగు ఉన్న చోట 1000 × 750 ముక్కని కత్తిరిస్తే పురుగు 40 చుక్కలతో అలాగే ఉంటుంది. రెండు ఫొటోల్లోనూ చుక్కలు ఏడున్నర లక్షలే. కానీ ఒకదాంట్లో గట్టు, ఆకాశం, పక్క సాలు కూడా ఉన్నాయి. రెండోదాంట్లో మనకి కావలసిన పురుగుంది. ఈ పని ఫోన్ గ్యాలరీలోనే అయిపోతుంది. కాపీగా సేవ్ చేసుకోండి, అసలు ఫొటో జోలికి పోవద్దు.

రెండో పని: కొలత తగ్గించడం

పొలం మొత్తం, మొక్క మొత్తం చూపించే ఫొటోకి 1200 వెడల్పు సరిపోతుంది. 1200 × 900 అంటే దాదాపు 11 లక్షల చుక్కలు. అసలు ఫొటోలో 1 కోటి 20 లక్షలు. బరువులో ఎక్కువ భాగం ఇక్కడే తగ్గిపోతుంది.

దీనికి నేను వాడేది స్క్వూష్. గూగుల్ క్రోమ్ వాళ్లు 2018లో తెచ్చిన ఉచిత సాధనం. బ్రౌజర్లోనే నడుస్తుంది, ఫొటో మన ఫోన్ దాటి ఎక్కడికీ పోదు. అసలుది ఒకవైపు, కుదించింది ఒకవైపు పక్కపక్కనే చూపిస్తుంది, కేబీలు కూడా కనబడతాయి.

మూడో పని: క్వాలిటీ

జేపెగ్ పద్ధతి ఫొటోని 8 × 8 చుక్కల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో మన కంటికి అంతగా ఆనని సన్నని తేడాలని వదిలేస్తుంది. క్వాలిటీ తగ్గించేకొద్దీ ఎక్కువ వదిలేస్తుంది. ఆకు ఈనెలు, తెల్లటి చిన్న చుక్కలు ముందుగా పోయేవి ఇలాగే.

75 దగ్గర మొదలుపెట్టి కేబీలు చూడండి. 100 దాటితే 65కి రండి. 55కి వచ్చినా ఇంకా ఎక్కువే ఉంటే క్వాలిటీని వదిలేసి వెడల్పు తగ్గించండి. 1200ని 1000 చేస్తే చుక్కలు 30 శాతం తగ్గుతాయి. దరఖాస్తుల్లో 50 కేబీ, 20 కేబీ లోపు అడిగినా వరస ఇదే.

ఫొటో తీసేటప్పుడే కేబీలు ఆదా

గడ్డి, వరి దుబ్బుల్లాంటి సన్నని గీతలు నిండిన ఫొటో ఎక్కువ బరువు తూగుతుంది. ఆకుని కోసి తెల్ల కాగితం మీద పెట్టి, పగటిపూట నీడలో తీయండి. వెనకంతా ఖాళీ కాబట్టి అదే క్వాలిటీకి చాలా తక్కువ కేబీలవుతాయి, పురుగు కూడా స్పష్టంగా కనబడుతుంది. మసక వెలుగులో తీస్తే ఫొటో నిండా గరుకు చుక్కలొస్తాయి, వాటికీ కేబీలు ఖర్చే. ఆకు అడుగుభాగం ఫొటో మర్చిపోవద్దు.

ఇంకొన్ని జాగ్రత్తలు

• జేపెగ్‌ని మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. కుదించినదాన్నే మళ్లీ కుదించకుండా అసలు ఫొటో నుంచే మొదలుపెట్టండి.

• వేరే రైతు వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో అప్పటికే కుదించి ఉంటుంది. డాక్యుమెంట్‌గా పంపమని అడగండి, అసలుది వస్తుంది.

• ఫొటోలకి పీఎన్‌జీ వాడొద్దు, బరువు చాలా పెరుగుతుంది. గీతలు, అక్షరాలు ఉన్న బొమ్మలకి అది బాగుంటుంది.

• వెబ్‌సైటుకైతే వెబ్‌పీ కూడా చూడండి. అదే స్పష్టతకి సాధారణంగా జేపెగ్ కంటే తక్కువ కేబీలవుతాయి. దరఖాస్తులకి మాత్రం వాళ్లు అడిగిన రకమే ఇవ్వాలి.

• జీవామృతం కొలతల్ని ఫొటోగా పెట్టకండి. 200 లీటర్ల నీళ్లు, 10 కేజీల ఆవు పేడ, 2 కేజీల బెల్లం అని టైపు చేయండి. తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతం గుర్తుకి 3 బైట్లు. మూడు వందలు కలిపినా 1 కేబీ లోపే.

చివరిగా ఒక పరీక్ష. కుదించిన ఫొటోని మీ ఫోన్లోనే, ఎండలో నిలబడి తెరవండి. ఆకు పైకి ముడుచుకుందో కిందికి ముడుచుకుందో చూడగానే చెప్పగలిగితే ఆ ఫొటో పెట్టేయండి. చెప్పలేకపోతే 100 కేబీని పట్టుకుని వేలాడొద్దు, 130 అయినా పరవాలేదు. వీడియో చూస్తూ మీ దగ్గరున్న ఒక్క ఫొటోతో ఈరోజే చేసి చూడండి.